డేటన్ అంటే ఏ డేటన్? ఒక మధ్యతరహా అమెరికా నగరం లెక్కలు ఎలా చదవాలి

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఏదో యూనివర్సిటీ నుంచి కూతురికి అడ్మిషన్ రాగానే ఇంట్లో మొదట జరిగే పని ఊరి పేరు సెర్చ్ చేయడం. డేటన్ అని కొడితే జనాభా 1.37 లక్షలు అని వస్తుంది, నాలుగో వంతు కంటే ఎక్కువ మంది పేదరికంలో ఉన్నారని వస్తుంది, "ప్రమాదకరమైన నగరాలు" తరహా జాబితా ఒకటి, దాని పక్కనే "తక్కువ ఖర్చుతో బతకగలిగే ఊళ్లు" అని ఇంకో జాబితా, రెండింటిలోనూ డేటన్ పేరు. అమ్మానాన్నలకు టెన్షన్ మొదలు. సరే అని అక్కడ పదేళ్లుగా ఉంటున్న బంధువుకి ఫోన్ చేస్తే, "చాలా ప్రశాంతమైన ఊరు అన్నయ్యా, స్కూళ్లు కూడా బాగుంటాయి, ఏం భయం లేదు" అంటాడు.

నిజానికి ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ బంధువు ఉండేది బహుశా బీవర్‌క్రీక్‌లోనో సెంటర్‌విల్‌లోనో, అవి డేటన్ కాదు, వేరే నగరాలు. ఆ పిల్ల చేరబోయే రైట్ స్టేట్ యూనివర్సిటీ కూడా డేటన్ నగర హద్దుల్లో లేదు, ఫెయిర్‌బోర్న్ వైపు ఉంది. మాట్లాడేటప్పుడు అందరూ డేటన్ అనే అంటారు, లెక్కలు రాసేవాళ్లు మాత్రం మ్యాప్ మీద ఒక గీత గీసి దాని లోపలున్న దాన్నే డేటన్ అంటారు. ఆ గీత సంగతి తెలియకుండా డేటన్ గురించే కాదు, అమెరికాలో ఇలాంటి పాత ఫ్యాక్టరీ ఊళ్లు వేటి గురించి చదివినా సగమే అర్థమవుతుంది.

మూడు హద్దులు, మూడు జనాభాలు

2020 జనగణన ప్రకారం డేటన్ నగరంలో 1,37,644 మంది ఉన్నారు. నగరం చుట్టూ ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో 5,37,309 మంది. కౌంటీ అంటే రాష్ట్రం కింద ఉండే పాలనా విభాగం, కోర్టులు, జైలు, ప్రజారోగ్యం, సంక్షేమ పథకాల లాంటివి దాని చేతిలో ఉంటాయి. మూడోది మెట్రో ప్రాంతం, ఇది ప్రభుత్వం కాదు, కేవలం లెక్క కోసం గీసిన హద్దు: ఎక్కడి జనం ఎక్కడికి పనికి వెళ్తున్నారో చూసి కౌంటీలను ఒక గుంపుగా కడతారు. మాంట్‌గోమరీ, గ్రీన్, మయామీ అనే మూడు కౌంటీలు కలిపిన డేటన్ మెట్రోలో 8,14,049 మంది.

అంటే డేటన్‌వాళ్లమని చెప్పుకునే ప్రతి ఆరుగురిలో ఒకరే అసలు డేటన్ నగరంలో ఉంటున్నారు. మిగతావాళ్లు కెటరింగ్, హ్యూబర్ హైట్స్, ఓక్‌వుడ్, ట్రాట్‌వుడ్, మొరైన్ లాంటి ఊళ్లలో ఉంటారు. వీటిని మనం మామూలుగా శివార్లు అనేస్తాం గానీ, ఒక్కోదానికీ సొంత కౌన్సిల్, సొంత పోలీసు, చాలా చోట్ల సొంత స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ఊరి ప్రభుత్వ స్కూళ్లను నడిపే విడి విభాగం) ఉంటాయి. నగరంగా ఏర్పడిపోయిన శివారును పెద్ద నగరం వెళ్లి తనలో కలిపేసుకోవడం ఒహాయోలో దాదాపు జరగని పని, రెండు పక్కలా ఓటర్లు ఒప్పుకోవాలి. కాబట్టి గీత ఒకసారి పడితే పడినట్టే.

సగం జనం ఎక్కడికి పోయారు

1960లో డేటన్ నగర జనాభా 2,62,332. అరవై ఏళ్లలో 1,24,688 మంది తగ్గారు, దాదాపు 48 శాతం. ఈ ఒక్క అంకె చూస్తే ఊరు ఖాళీ అయిపోయిందనిపిస్తుంది. ఇప్పుడు దాని పక్కన కౌంటీ అంకె పెట్టి చూడండి. 1960లో మాంట్‌గోమరీ కౌంటీలో సుమారు 5.27 లక్షల మంది, 2020లో 5.37 లక్షలు, కాస్త పెరిగింది కూడా. 1960లో కౌంటీ జనంలో సగం మంది నగరంలో ఉండేవాళ్లు, ఇప్పుడు పావు వంతు. జనం మాయమైపోలేదు, ఎక్కువ భాగం గీత దాటి పక్క ఊళ్లకు మారారు.

ఇక్కడితో ఆపేసి "చూశారా, ఏమీ కాలేదు" అనేవాళ్లూ ఉన్నారు, అదీ పూర్తి నిజం కాదు. అదే అరవై ఏళ్లలో దేశ జనాభా దాదాపు 18 కోట్ల నుంచి 33 కోట్లకు పెరిగింది. దేశం అంత పెరిగినప్పుడు కౌంటీ ఉన్నచోటే ఉండిపోయిందంటే, పుట్టినవాళ్లలో, రావాల్సినవాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాలకు పోయారని అర్థం. మధ్యలో 1970లో కౌంటీ ఆరు లక్షలు దాటి, తర్వాత తగ్గింది. ఇంకో చిన్న విషయం, ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ ముఖ్యం: 1960లో అమెరికాలో ఇంటికి సగటున మూడు మంది పైనే, ఇప్పుడు రెండున్నర చుట్టూ. ఒక్క ఇల్లు కూడా ఖాళీ అవ్వకపోయినా ఆ లెక్కన జనాభా తగ్గిపోతుంది. డేటన్‌లో ఇళ్లు ఖాళీ అయ్యాయి కూడా, వేలల్లో కూల్చారు.

ఎందుకు వెళ్లారంటే ఒక్క కారణం చెప్పేవాళ్లను నమ్మకండి. ఫ్యాక్టరీలు పోయాయి, అది అందరూ చెప్పేదే. 1884లో మొదలైన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఒకప్పుడు ఈ ఊళ్లో వేలమందికి అన్నం పెట్టింది, దుకాణాల్లో గల్లాపెట్టె యంత్రాలు చేసేది. ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాక ఉద్యోగాలు కూలాయి, 2009లో హెడ్డాఫీసు కూడా జార్జియాకు తరలిపోయింది. దానికి కొన్ని నెలల ముందే, 2008 డిసెంబరు 23న, మొరైన్‌లోని జనరల్ మోటార్స్ ప్లాంటు మూతపడింది, క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు. ఆ షెడ్లలోనే తర్వాత చైనాకు చెందిన ఫుయావో కార్ల అద్దాల ఫ్యాక్టరీ పెట్టింది, ఉద్యోగాలు వచ్చాయి, జీతాలు మాత్రం చాలామందికి పాత జీతంలో సగం చుట్టూనే.

కానీ కాలక్రమం చూడండి. జనాభా 1960 తర్వాత తగ్గడం మొదలైంది, ఆ ప్లాంటూ హెడ్డాఫీసూ పోయింది 2008, 2009ల్లో. ఫ్యాక్టరీలు నిండుగా పనిచేస్తున్న రోజుల్లోనే తెల్లవాళ్లు నగరం వదలడం మొదలుపెట్టారు. హైవేలు వచ్చాయి, శివార్లలో ఇళ్లకు ప్రభుత్వ హామీతో అప్పులు దొరికాయి, ఆ అప్పులు నల్లవాళ్లకు చాలా వరకు దొరకలేదు.

నది అటువైపు, ఇటువైపు

ఉత్తరాది ఫ్యాక్టరీల్లో పని కోసం దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు వచ్చినప్పుడు డేటన్‌లో వాళ్లకు ఇళ్లు దొరికింది ఎక్కువగా గ్రేట్ మయామీ నదికి పడమటి పక్క. 1930లలో ఫెడరల్ సంస్థ ఒకటి ఇంటి అప్పుల కోసం నగరాలకు రంగుల మ్యాపులు వేసింది, ఎర్ర రంగు అంటే రిస్కు ఉన్న ఏరియా, అప్పు ఇవ్వొద్దు అని. నల్లవాళ్లున్న వీధులు ఎర్రగా పడ్డాయి, దీన్నే రెడ్‌లైనింగ్ అంటారు. (విమానం కనిపెట్టిన రైట్ సోదరులు పెరిగింది కూడా ఈ పడమటి వైపే, ఆర్విల్ రైట్ హైస్కూల్ క్లాస్‌మేట్ పాల్ లారెన్స్ డన్‌బార్ తర్వాత పేరున్న నల్లజాతి కవి అయ్యాడు. ఊరు గొప్పలు చెప్పుకునే పేర్లలో సగం పడమటివే, డబ్బు మాత్రం తూర్పుకీ దక్షిణానికీ పోయింది.)

స్కూళ్లలో తెల్ల, నల్ల పిల్లలను కలపాలని కోర్టు ఆదేశంతో 1976లో పిల్లలను బస్సుల్లో ఊరి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తీసుకెళ్లడం మొదలైంది, 2002 దాకా సాగింది. అయితే 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు మామూలుగా ఇలాంటి ఆదేశాలు స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు దాటకూడదని చెప్పింది. అందుకని డేటన్ బస్సులు డేటన్ లోపలే తిరిగాయి. ఇష్టంలేని కుటుంబానికి చేయాల్సింది ఒక్కటే, పక్క ఊళ్లో ఇల్లు కొనుక్కోవడం. ఎంతమంది ఈ కారణంతో వెళ్లారు, ఎంతమంది ఎలాగూ వెళ్లేవాళ్లే అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు, బస్సులు మొదలవకముందే వలస నడుస్తోందన్నది మాత్రం అంకెల్లో ఉంది.

ఇప్పుడు నగరంలో సుమారు సగం మంది తెల్లవాళ్లు, నలభై శాతానికి కాస్త తక్కువ నల్లవాళ్లు. మెట్రో మొత్తం తీసుకుంటే నల్లవాళ్లు ఏడో వంతు చుట్టూ మాత్రమే. అలాగని నగరం అంటే నల్లవాళ్లు, శివారు అంటే తెల్లవాళ్లు అని తేల్చేయడానికీ లేదు. పడమట ఉన్న ట్రాట్‌వుడ్ శివారు ఊరే, అక్కడ నల్లవాళ్లదే మెజారిటీ, నగరపు కష్టాలు చాలావరకు అక్కడా ఉన్నాయి. పైగా 2019 మే 27 రాత్రి టోర్నడోలు వచ్చినప్పుడు బాగా దెబ్బతిన్న ఊళ్లలో అదొకటి.

జనగణన పట్టికలో కనపడని జనం కూడా ఉన్నారు. రష్యాలోని క్రాస్నదార్ ప్రాంతం నుంచి శరణార్థులుగా అమెరికా వచ్చిన అహిస్కా టర్కులు చాలామంది డేటన్ చేరారు, నార్త్ డేటన్‌లో పాడుబడ్డ ఇళ్లు చౌకగా కొని బాగుచేసుకున్నారు, ట్రక్కింగ్ వ్యాపారాలు పెట్టారు. నగరం కూడా 2011లో "వెల్‌కమ్ డేటన్" అని వలసదారులను రమ్మనే విధానం ప్రకటించింది. కానీ జనగణన ఫారంలో వీళ్లు సాధారణంగా "తెల్లవాళ్లు" గడిలోనే పడతారు, కాబట్టి ఒక వీధి మొత్తం మారిపోయినా జాతుల పట్టికలో ఏ మార్పూ కనిపించదు. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) అనేది కూడా 2020 దాకా జాతి కింద కాకుండా వేరే ప్రశ్నగా అడిగేవాళ్లు, అందుకే కొన్ని పట్టికల్లో శాతాలు కూడితే వంద దాటుతుంది. 2024లో ఈ పద్ధతి మార్చారు, రెండు ప్రశ్నలనూ ఒకటి చేసి, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు కొత్త గడి పెట్టమన్నారు. మనవాళ్లకైతే "ఏషియన్ ఇండియన్" అనే గడి 1980 నుంచీ ఉంది. డేటన్ నగరంలో ఆసియావాళ్లు ఒక శాతం చుట్టూనే, బీవర్‌క్రీక్‌లో దానికి ఎన్నో రెట్లు. ఫోనులో ప్రశాంతమైన ఊరు అన్న మాట వెనక ఇదీ ఉంది.

చౌక అంటే ఎవరికి చౌక

మధ్యస్థ ఆదాయం అంటే ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటి ఆదాయం. సగటు కాదు, ఒక కోటీశ్వరుడు వచ్చి చేరితే సగటు ఎగిరిపోతుంది, మధ్యస్థం కదలదు. డేటన్ నగరంలో ఇది ఇటీవలి సర్వేల్లో ఏడాదికి 43 వేల డాలర్ల అటూఇటూ, దేశంలో 75 వేల పైనే. బీవర్‌క్రీక్‌లో డేటన్‌కు రెట్టింపు కన్నా ఎక్కువ. నగరంలో సొంత ఇంటి మధ్యస్థ విలువ లక్ష డాలర్ల లోపే, దేశ మధ్యస్థం దానికి రెండున్నర రెట్ల పైమాటే. చౌక ఊళ్ల జాబితాలో పేరు రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. అమెరికాలో ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటితే ఆ కుటుంబం మీద భారం పడుతున్నట్టు లెక్క. 43 వేలను పన్నెండుతో భాగిస్తే నెలకు 3,583 డాలర్లు, అందులో 30 శాతం 1,075. బెంగళూరులోనో న్యూజెర్సీలోనో కూర్చుని చూస్తే ఆ డబ్బుకి డేటన్‌లో ఇల్లు దొరకడం అదృష్టంలా ఉంటుంది. కానీ వరుసలో మధ్యనున్న ఇంటికంటే కింద ఇంకో సగం ఊరు ఉంది. ఏడాదికి 20 వేలు వచ్చే కుటుంబానికి 30 శాతం అంటే నెలకు 500, ఆ అద్దెకు సరైన ఇల్లు డేటన్‌లోనూ కష్టం. ఇదే అద్దె రిమోట్‌గా పనిచేసుకుంటూ కాలిఫోర్నియా జీతం తెచ్చుకునేవాడికి దాదాపు ఉచితం, ఇక్కడే గోడౌన్‌లో పనిచేసేవాడికి నెలాఖరు గండం.

పైగా అద్దె ఒక్కటే చూడటం తప్పని చెప్పేవాళ్లున్నారు. ఇల్లు, ప్రయాణం రెండూ కలిపి 45 శాతం దాటకూడదు అన్నది వాళ్ల కొలమానం. డేటన్ లాంటి చోట ఈ కొలత వేస్తే చౌకదనం బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఉద్యోగాలు శివార్లలో చెల్లాచెదురుగా ఉంటాయి, కారు లేనిదే కుదరదు. పాత కారు కిస్తీ, ఇన్సూరెన్సు, పెట్రోలు, రిపేరు అన్నీ కలిపి నెలకు ఓ 600 అవుతోందనుకుందాం. 3,583 ఆదాయంలో ఇంటికి 1,075 పోగా ఇది కలిస్తే 1,675, అంటే దాదాపు 47 శాతం. మొదటి కొలతలో సరిపోయిన ఇల్లే రెండో కొలతలో గీత దాటింది.

పేదరికం అంకెలో ఒక మెలిక ఉంది, విద్యార్థులున్న ఊళ్లలో ఇది గుర్తుంచుకోవాలి. యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాళ్లను పేదరికం లెక్కలోకి తీసుకోరు, బయట అద్దె ఇంట్లో ఉండేవాళ్లను తీసుకుంటారు. నలుగురు కుర్రాళ్లు కలిసి ఇల్లు తీసుకుని ఇంటి నుంచి వచ్చే డబ్బుతో చదువుకుంటుంటే, కాగితం మీద ఆ నలుగురూ పేదల కింద పడొచ్చు. అయితే డేటన్ పేదరికాన్ని దీనితో కొట్టిపారేయలేం, నగరంలో పిల్లల పేదరికం పెద్దవాళ్ల కన్నా ఎక్కువ, పిల్లలేమీ కాలేజీ కుర్రాళ్లు కారు.

పన్ను ఒక ఊరికి, బస్సు ఇంకో ఊరి గుమ్మం దాకా

ఒహాయోలో నగరాలు జీతం మీద నేరుగా ఆదాయపు పన్ను వేయొచ్చు, అదీ మొదట పనిచేసే చోట. డేటన్ రేటు 2.5 శాతం. 2016లో ఓటర్లే 2.25 నుంచి పెంచుకున్నారు, అందులో కొంత చిన్నపిల్లల బడి కోసం. బీవర్‌క్రీక్‌లో నగర ఆదాయపు పన్నే లేదు. అక్కడ ఉంటూ డేటన్ డౌన్‌టౌన్‌లో 50 వేల డాలర్ల ఉద్యోగం చేస్తే ఏడాదికి 1,250 డాలర్లు డేటన్‌కు కడతారు, అక్కడ ఓటు మాత్రం ఉండదు. "మా డబ్బు తీసుకుని మమ్మల్ని అడగరా" అని శివారువాళ్ల ఫిర్యాదు. "మా రోడ్లు, మా పోలీసు, మా ఫైరింజన్ వాడుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు" అని నగరం జవాబు. రెండూ సబబే అనిపిస్తుంది నాకు. కరోనా తర్వాత ఇంటి నుంచి పనిచేసే రోజులకు పన్ను వెనక్కి అడిగే వీలు 2021 నుంచి వచ్చింది, నగర ఖజానాకు అదో కొత్త బెంగ. ఇక ఆ ప్రాంతంలో అతిపెద్ద ఉపాధి కేంద్రం, ముప్పై వేలకు పైగా పనిచేసే రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం, నగర హద్దుకు బయటే ఉంది. అక్కడి జీతాల మీద పనిచేసే చోటి పన్ను డేటన్‌కు రాదు.

స్కూళ్లకు డబ్బు ఎక్కువగా ఆస్తి పన్ను నుంచి వస్తుంది. లక్ష డాలర్ల ఇంటి మీద ఒక శాతం అంటే వెయ్యి, మూడు లక్షల ఇంటి మీద మూడు వేలు. పేద డిస్ట్రిక్ట్ అంతే డబ్బు రాబట్టాలంటే తన జనం మీద మూడు రెట్ల రేటు వేయాలి. రాష్ట్రం కొంత సర్దుతుంది, అది చాలదని 1997లో ఒహాయో సుప్రీంకోర్టే ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. తర్వాత సూత్రాలు చాలాసార్లు మారాయి, తగాదా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

బస్సు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. డేటన్‌లో 1933 నుంచి కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సులున్నాయి, అమెరికాలో ఇవి మిగిలిన కొద్ది ఊళ్లలో ఇదొకటి. డేటన్ బస్సులు నడిపే సంస్థ ఆర్‌టీఏ, బీవర్‌క్రీక్‌లోని పెద్ద మాల్ దగ్గర మూడు స్టాపులు పెడతామని అడిగితే 2011లో అక్కడి కౌన్సిల్ ఒప్పుకోలేదు. అంతకుముందు పెట్టిన షరతుల్లో షెల్టర్లకు ఏసీ, హీటరు, కెమెరాలు కూడా ఉన్నాయి. భద్రత, ఖర్చు అని వాళ్లు చెప్పారు. ఆ మాల్‌లో పనిచేసే నల్లవాళ్లు బస్సు దిగి పెద్ద రోడ్డు వెంట, హైవే మీదుగా నడిచి రావాల్సి వస్తోందని డేటన్‌లోని ఒక హక్కుల బృందం ఫెడరల్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. 2013లో హైవేల శాఖ ఇది వివక్షేనని తేల్చింది, రోడ్ల నిధులు పోతాయేమోనన్న భయం వచ్చాక కౌన్సిల్ దిగివచ్చింది, 2014 జనవరిలో బస్సు ఆగింది. మూడు స్టాపుల కోసం దాదాపు మూడేళ్లు.

భయపెట్టే జాబితాల వెనక ఉన్న భాగహారం

నేరాల రేటు అంటే నేరాల సంఖ్యను అక్కడ నివసించేవాళ్ల సంఖ్యతో భాగించి లక్షకు ఇంత అని చెప్పడం. అంకెలు ఊహించి చూద్దాం. నగరంలో లక్షమంది ఉన్నారు, 500 నేరాలు జరిగాయి, రేటు 500. చుట్టూ ఉన్న శివార్లలో నాలుగు లక్షలమంది, 400 నేరాలు, రేటు 100. రెండూ ఒకే నగరంగా ఉండి ఉంటే ఐదు లక్షలమందికి 900, రేటు 180. ఒక్క నేరం తగ్గకుండానే ఊరు "ప్రమాదకరం" నుంచి "ఫర్వాలేదు"కి మారిపోయింది. కౌంటీతో కలిసిపోయిన జాక్సన్‌విల్ లాంటి నగరాన్ని చిన్న హద్దుల డేటన్‌తో పోల్చి ర్యాంకులివ్వడంలో లోపం ఇదే, ఎఫ్‌బీఐ కూడా తన అంకెలతో ర్యాంకులు వేయొద్దనే చెబుతుంది. ఇంకోటి, ఉద్యోగానికో ఆస్పత్రికో బార్‌కో వచ్చిన బయటివాళ్లకు జరిగిన నేరం భాగహారంలో పైన అంకెలో (నేరాల సంఖ్యలో) ఉంటుంది, వాళ్లు మాత్రం కింద అంకెలో (జనాభాలో) ఉండరు. నగరం లోపల కూడా నేరం అన్ని వీధుల్లో ఒకేలా ఉండదు.

ఇదంతా చెప్పి కష్టాలు లేవనడం మోసం. నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్‌కు, ఫెంటనిల్‌కు ముదిరిన మత్తు 2017లో మాంట్‌గోమరీ కౌంటీలో 566 మందిని చంపింది, దేశంలోనే అత్యంత దారుణమైన రేట్లలో ఒకటి. విరుగుడు మందు నలోక్సోన్ విరివిగా పంచడం, చికిత్స పెంచడం, వీధుల్లోకి వచ్చే సరుకు మారడం, ఇవన్నీ కలిసి మరుసటి ఏడాది చావులు దాదాపు సగానికి తగ్గాయి. దేనికి ఎంత క్రెడిట్ ఇవ్వాలన్నది ఇప్పటికీ వాదనే. ఈ లెక్క కౌంటీదని గమనించండి, మత్తు గీతలు చూసి రాలేదు.

ఆస్పత్రులు, కిరాణా మాత్రం గీతలు చూసే కదిలాయి. వాయవ్య డేటన్‌లోని గుడ్ సమారిటన్ ఆస్పత్రి 2018లో మూసేశారు, చుట్టుపక్కల ఎక్కువగా నల్లవాళ్లే. డౌన్‌టౌన్ దగ్గర ఇంకో పెద్ద ఆస్పత్రి ఉంది, రెండు నడపడం దండగ అని యాజమాన్యం లెక్క. ప్రసవానికి, ఎమర్జెన్సీకి దూరం పెరిగిందని స్థానిక పాస్టర్ల అభ్యంతరం. సూపర్‌మార్కెట్లు కూడా అలాగే ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. ఆదాయం తక్కువగా ఉండి, మైలు దూరంలో కూరగాయలు దొరికే పెద్ద కొట్టు లేని పట్టణ ప్రాంతాన్ని అమెరికాలో ఫుడ్ డెజర్ట్ అంటారు. ఎవరూ రాకపోయేసరికి జనమే సభ్యత్వాలు కట్టుకుని 2021 మేలో సేలమ్ అవెన్యూ మీద జెమ్ సిటీ మార్కెట్ అనే సహకార దుకాణం తెరిచారు.

గీత చెరిపేస్తే పోదా?

ఇండియానాపోలిస్ 1970లో, లూయీవిల్ 2003లో కౌంటీతో కలిసిపోయాయి. డేటన్‌లోనూ 2010ల మధ్యలో ఆ మాట వచ్చి ఆగిపోయింది. కలపాలనేవాళ్లు, ఇన్ని కౌన్సిళ్లు ఒకదాని ఫ్యాక్టరీని ఇంకొకటి లాక్కోవడానికి పన్ను రాయితీలు ఇచ్చుకోవడం దండగ అంటారు. వద్దనే శివారువాళ్లు, చిన్న ఊరైతేనే కౌన్సిలర్ ఫోనెత్తుతాడు, మా స్కూలు మా చేతిలో ఉంటుంది అంటారు. వద్దనేవాళ్లలో నల్లజాతి నాయకులూ ఉన్నారు, వాళ్ల లెక్క వేరు: నగరంలో నలభై శాతం దగ్గరున్న ఓటుబలం, అంతకు నాలుగు రెట్ల జనమున్న కౌంటీలో పలుచబడిపోతుంది. నన్నడిగితే ఈ మూడో వాదనకు కలపాలనేవాళ్ల దగ్గర సరైన జవాబు ఇంకా లేదు. పైగా లూయీవిల్‌లో ప్రభుత్వాలు కలిసినా చుట్టూ ఉన్న చిన్న నగరాలు చాలావరకు అలాగే మిగిలాయి.

హద్దులు దాటి పనిచేసిన ఉదాహరణ ఇక్కడే ఒకటుంది. 1913 మార్చి వరదలో నదీలోయ పొడవునా 360 మందికి పైగా చనిపోయాక, 1915లో మయామీ కన్సర్వెన్సీ డిస్ట్రిక్ట్ అని ఒక సంస్థ పెట్టారు. ఎవరి ఆస్తికి వరద నుంచి ఎంత రక్షణ దొరుకుతుందో అంచనా కట్టి, ఆ మేరకే వసూలు చేసి, ఐదు ఆనకట్టలు 1922కల్లా పూర్తిచేశారు. మామూలు రోజుల్లో అవి ఖాళీగా ఉంటాయి, వరద వస్తేనే నీళ్లు నిలుస్తాయి. ఏ నగరం, ఏ కౌంటీ అన్నది కాకుండా నీళ్లు ఎక్కడికి పారతాయన్నదే దాని హద్దు. వందేళ్లు దాటిన ఆ కట్టడాలకు ఇప్పుడు మరమ్మతులు కావాలి, ఆస్తుల విలువ మళ్లీ లెక్కగట్టి వసూళ్లు పెంచబోతే 2024లో దిగువన హామిల్టన్, మిడిల్‌టౌన్ వైపు యజమానులు గట్టిగా ఎదురు తిరిగారు, ఆ పెంపును వాయిదా వేశారు.